పరదా వెనక మిర్చి బజ్జీ

నా చిన్నప్పుడు చిక్కడపల్లిలో పెళ్ళీడుకొచ్చిన ఆడపిల్ల వీధి మలుపు దాటాలంటే పక్కన ఎవరో ఒకరు ఉండాలి. పెద్దవాళ్ళకు తీరిక లేకపోతే చిన్నపిల్లనైనా తోడిచ్చి పంపేవారు. పక్కింటి అక్క నారాయణగూడలో టైపు నేర్చుకోవడానికి వెళ్ళేటప్పుడు ఆ తోడు నేనే. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. తిరిగొచ్చాక వాళ్ళ నాయన వాకిట్లోనే నన్ను ఆపి, దారిలో ఎక్కడైనా ఆగారా అని అడిగేవాడు. లేదని చెప్పేదాన్ని.

ఆగేవాళ్ళం. దారిలో ఒక చిన్న హోటలు ఉండేది. లోపల చివర్న, ఆడవాళ్ళు కూర్చోవడానికి పరదా కట్టిన ఇరుకు గది. ప్రతి శనివారం అక్క నన్ను అందులోకి తీసుకెళ్ళి ఒక ప్లేటు మిర్చి బజ్జీ తెప్పించేది. నాకు కారం పడదు. అందుకని అక్క బజ్జీని నిలువునా చీల్చి, గింజలన్నీ గోటితో గీకేసి, ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మకాయ పిండి నా చేతిలో పెట్టేది. అది నాకిచ్చే లంచమని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఆ ఒక్క బజ్జీ కోసం వారమంతా ఎదురుచూసేదాన్ని.

ఒక శనివారం అక్క ఇంకా మొదటి బజ్జీ చీలుస్తోంది. పరదాకు అవతల కుర్చీలు జరిగిన చప్పుడు, ఆ వెంటనే వాళ్ళ నాయన గొంతు వినిపించాయి. ఆఫీసు నుంచి నేరుగా ఇంటికొచ్చే మనిషి, ఆ రోజు ఇద్దరు స్నేహితులతో టీకి ఆగాడు. మేమున్న గదికి వేరే దారి లేదు. బయటపడాలంటే వాళ్ళ బల్లను ఒరుసుకుంటూనే వెళ్ళాలి. అక్క రాయాల్సిన టైపు లోయర్ పరీక్షకు పదిరోజులే ఉంది. హోటల్లో కూర్చుందని తెలిస్తే టైపు ఆ పూటతో సరి. ఆ సంగతి నాకు కూడా తెలుసు.

టీ తాగి వెళ్ళిపోతారనుకున్నాం. రెండోసారి టీ చెప్పారు. స్నేహితుల్లో ఒకాయన ఎకసెక్కంగా, నీ బిడ్డ టైపు నేర్చి పెద్దాఫీసరు అయితదా ఏంది అన్నాడు. వాళ్ళ నాయన నవ్వలేదు.

“మా పిల్ల హోటల్ గడప తొక్కదు. అట్ల పెంచిన” అన్నాడు.

అక్క వేళ్ళు ఆగిపోయాయి. భయానికి ఏం చేయాలో తోచక నేనే ఒక బజ్జీ తీసి, గింజలతో సహా కొరికి మింగేశాను. నోరు, ముక్కు, చెవులు అన్నీ మండాయి. ఉన్న ఒక్క గ్లాసు నీళ్ళు అప్పటికే అయిపోయాయి. ఇంకో గ్లాసు అడిగితే గొంతు బయటపడుతుంది. అంతలో ఎక్కిళ్ళు మొదలయ్యాయి. అక్క అరచేత్తో నా నోరు మూసింది. గట్టిగానే మూసింది. ఆ చేతికి శనగపిండి వాసన, దాని కింద టైపు రిబ్బను వాసన. ఎక్కిలి బయటికి రాలేక ఛాతీలోనే కొట్టుకుంది. ఊపిరి అందలేదు. నా కన్నీళ్ళు ఆమె వేళ్ళ మీదుగా కారాయి. అక్క ఆ తడి వైపు ఒక క్షణం చూసింది. చేయి తీసేసింది.

లేచి పరదా పక్కకు లాగింది.

“అన్నా, జర నీళ్లియ్యి. పిల్లకు కారమైంది” అని వడ్డించే ఆయనను పిలిచింది.

ఆయన వచ్చేలోగా వాళ్ళ నాయన తన ముందున్న గ్లాసు నా వైపు జరిపాడు. నేను గడగడా తాగేశాను. ఎకసెక్కమాడిన ఆయన తల దించుకుని, అప్పటికే చల్లారిన టీని ఊదుకుంటున్నాడు. తర్వాత వాళ్ళ నాయన “ఇంటికి నడువుండ్రి” అని మాత్రం అన్నాడు. మాకు పదడుగుల ముందు నడిచాడు. ఇల్లు చేరేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

టైపు ఆగింది. పరీక్ష పోయింది. అంతా నా వల్లేనని గోడ పక్కన కూర్చుని ఏడుస్తుంటే అక్క వచ్చి నా జడ సవరించింది.

“పరీక్ష మళ్ల వస్తది. నీ నోరు మూసినందుకు నువ్వే నన్ను మాఫ్ చెయ్యాలె” అంది.

ఆర్నెల్లకు వాళ్ళ నాయన మెత్తబడి, మళ్ళీ వెళ్ళమన్నాడు. అక్క ఒక షరతు పెట్టిందని మా అమ్మ చెప్పింది. వెళ్తే ఒక్కతే వెళ్తుందట, పసిపిల్లతో అబద్ధాలాడించదట. నిజం చెప్పాలంటే, శనివారం బజ్జీ పోయిందని నాకు కాస్త కష్టంగానే అనిపించింది.

పెద్దయ్యాక పత్రికలో పనిచేశాను. ఒక మాట బయటికొస్తే మనకు నష్టమనుకున్నప్పుడు ఇంకొకరి నోరు మూయడం ఎంత సులువో అక్కడ చూశాను. ఒకటి రెండుసార్లు నేనూ ఆ పని చేశాను. చేసిన ప్రతిసారీ అరచేయి తడిసినట్టనిపించేది.

ఇప్పుడు అశోక్‌నగర్‌లో హాస్టళ్ళలో ఉండి చదువుకునే ఆడపిల్లలు సాయంత్రం పుస్తకాలు చంకన పెట్టుకుని, బండి చుట్టూ నిలబడి నవ్వుకుంటూ బజ్జీలు తింటారు. అప్పుడప్పుడు నేనూ వాళ్ళ పక్కన నిలబడి ఒక బజ్జీ చీల్చి, గింజలు గోటితో తీసుకుంటాను. కారం ఇప్పటికీ పడదు. అక్క ఆ రోజు తనకేం పోతుందో తెలిసే చేయి తీసింది. ఆ తర్వాత నా లోపలికి వచ్చిన మొదటి ఊపిరి ఇంకా గుర్తుంది.