పిలవడం రాని కుర్ర డాక్టరు

ఆవిడ మత్తు డాక్టరు. ఆస్పత్రిలో అటెండర్ల దగ్గర్నుంచి పెద్ద సర్జన్ల దాకా అందరూ మత్తు డాక్టరమ్మ అనే పిలిచేవారు. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు. అత్తగారు మాత్రం ఇరుగుపొరుగుతో, "మా కోడలు జనాన్ని నిద్రపుచ్చే డాక్టరు" అని చెప్పేది. "నిద్రపుచ్చడం కాదత్తయ్యా, మళ్లీ లేపడం నా ఉద్యోగం" అని ఆవిడ ఎన్నిసార్లు మొత్తుకున్నా, "ఏదైతేనేం, నిద్రేగా" అని కొట్టిపారేసేది.

ఆవిడ చేయి మంచిది, నోరే దురుసు. బల్లమీద పడుకున్న రోగి చేయి పట్టుకుని మాట్లాడేటప్పుడు మెత్తగా ఉండే గొంతు, డాక్టర్ల వైపు తిరిగేసరికి రంపంలా మారిపోయేది. అలాంటి మనిషిని ఒకరోజు ఆ విభాగానికి పెద్ద అయిన డాక్టరు, అంతా పెద్దసారు అనే ఆయన, గదిలోకి పిలిచాడు. మత్తు చదువుకు కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరుకు గైడుగా ఉండమన్నాడు.

"మీకున్న ఓపిక ఎవరికుందమ్మా?" అన్నాడు.

తనకు ఓపిక ఉందని ఒకరు అనడం ఆవిడ పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. మిగతావాళ్లందరూ తప్పించుకున్నారన్న సంగతి ఆ మాటతోనే తెలిసిపోయింది.

ఆ చదువుకు ఒక పద్ధతుంది. కొత్తగా చేరినవాళ్లు మొదట్లో సీనియరు పక్కన లేకుండా ఎవరికీ మత్తు ఇవ్వకూడదు. యంత్రాన్ని సరిచూసుకోవడం, రోగి గొంతులో గొట్టం వేయడం, వెన్నులో మత్తు సూది దించడం, ఇవన్నీ గైడు కళ్లతో చూడాలి. కాస్త చేయి తిరిగాక గైడు పక్క గదిలో ఉంటే చాలు. చివరికి "ఇతను ఒంటరిగా డ్యూటీ చేయగలడు" అని సంతకం పెట్టాలి. ఆ సంతకం పడేదాకా డ్యూటీ చార్టులో అతని పేరు ఎక్కదు.

వచ్చిన కుర్రాడు బుద్ధిమంతుడు. అదే ఆవిడ ప్రాణానికొచ్చింది. ఏం చెప్పినా తల ఊపేవాడు.

"ఈ మందు ముసలివాళ్లకు ఎందుకు తగ్గించి ఇవ్వాలో అర్థమైందా?"

"అయింది మేడమ్."

"అయితే చెప్పు."

మళ్లీ తల ఊపేవాడు. నోట్లోంచి మాట ఊడిపడేది కాదు. పుస్తకంలో ఉన్నదంతా వచ్చు, పరీక్ష రాయమంటే కాగితం నింపి పారేస్తాడు. కానీ తెలియనిది తెలియదని చెప్పమంటే మాత్రం గొంతులో వెలక్కాయ పడ్డట్టు నిలబడిపోతాడు. ఆపరేషన్ గదుల సిస్టర్లు అతనికి "అయింది డాక్టరు" అని పేరు పెట్టేశారు.

నెలలు గడిచాయి. పెద్దసారు రోజు విడిచి రోజు ఆవిడకు ఎదురుపడటం మొదలుపెట్టాడు.

"చార్టులో ఖాళీలు పూడ్చలేక చస్తున్నానమ్మా. కుర్రాడు బాగానే చేస్తున్నాడు కదా, ఆ సంతకమేదో పెట్టేయండి."

"పెట్టను సార్."

"ఏం లోపం?"

ఏం లోపమో ఆవిడకే సరిగ్గా మాటల్లోకి రాలేదు. "అతను నన్నెప్పుడూ పిలవడు" అంది. పెద్దసారు నవ్వేశాడు. "పిలవకపోతే మంచిదేగా! మా రోజుల్లో పిలిస్తే పలికే దిక్కే లేదు." ఆవిడకు ఒళ్లు మండింది. ఆ రోజంతా కనిపించిన ప్రతివాణ్నీ కసిరింది.

ఒక ఉదయం ఒక పెద్దాయనకు హెర్నియా ఆపరేషన్. అప్పటికి కుర్రాడు పక్క గదిలో గైడు ఉంటే చాలన్న మెట్టు మీద ఉన్నాడు. ఆవిడ పక్క ఆపరేషన్ గదిలో వేరే రోగిని చూస్తోంది. ఉన్నట్టుండి సిస్టరు తలుపు తోసుకుని వచ్చింది.

"మేడమ్, ఒక్కసారి రండి. గొట్టం వెళ్లడం లేదు."

"అతను పిలవమన్నాడా?"

"లేదు మేడమ్, నేనే వచ్చాను."

అక్కడున్న సీనియరుకు తన రోగిని అప్పగించి ఆవిడ పరుగు తీసింది. కుర్రాడు చెమటలు కక్కుతూ, పెద్దాయన తలవైపు వంగి, మళ్లీ మళ్లీ గొట్టం దూర్చబోతున్నాడు. మానిటరు మీద ఆక్సిజన్ అంకె దిగజారుతోంది. ఆ యంత్రం కూత కూడా దానితోపాటే కిందికి దిగుతోంది. ఆవిడ అతన్ని భుజంతో పక్కకు నెట్టింది. ముఖానికి మాస్కు ఆనించి ఊపిరి అందించింది. తర్వాత గొట్టం జోలికి పోకుండా, గొంతు వెనక కుదురుకునే మెత్తటి మాస్కు ఒకటి లోపలికి జార్చింది. అంకె మెల్లగా పైకి పాకింది. సర్జను ఊపిరి పీల్చుకున్నాడు. ఆపరేషన్ సవ్యంగా అయిపోయింది. పెద్దాయన లేచి, తన చెప్పులెక్కడ పెట్టారని అడిగాడు.

అప్పుడు ఆవిడ కుర్రాణ్ని బట్టలు మార్చుకునే గదిలోకి లాక్కుపోయింది.

"ఆయన మెడ వంగదని, గొట్టం వేయడం కష్టమని నీకు తెలుసా, తెలియదా?"

"తెలుసు మేడమ్. పొద్దున్నే చూశాను."

"చూసి?"

తల ఊపాడు.

"తల ఊపావంటే ఆ తల తీసి నీ చేతిలో పెడతాను! గోడ అవతలే ఉన్నాను కదా. ఒక్క కేక పెడితే వచ్చేదాన్ని కదా. ఎందుకు పిలవలేదు?"

అతను మొట్టమొదటిసారి లోపలున్న మాట బయటపెట్టాడు. "పిలిస్తే సంతకం పెట్టరేమో అనుకున్నాను మేడమ్."

"ఎవరు చెప్పారు నీకు?"

"మీరు పక్క గదికి మారిన కొత్తలో వెన్నులో సూది దిగకపోతే ఒకసారి పిలిచాను. మీరొచ్చి, ఈ మాత్రానికి నన్ను పరిగెత్తించావా అన్నారు. సిస్టర్లు నవ్వారు."

"అది ఏదో కోపంలో అన్న మాట!"

"మీరెప్పుడూ కోపంలోనే ఉంటారు కదా మేడమ్" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పాడు.

ఆవిడ విసవిసా ఇంటికి వచ్చి భర్తతో చెప్పింది. ఆయన బడిలో లెక్కల మాస్టారు. జవాబు పత్రాలు దిద్దుకుంటూ తలెత్తకుండానే విన్నాడు.

"చేయెత్తినవాడికే మొట్టికాయ వేస్తే ఇంక క్లాసులో చేయెవడెత్తుతాడు?" అన్నాడు.

"మీరు వాడి పక్షమా?"

"నేనెవరి పక్షమూ కాదు. పోయిన వారం నాకూ అలాగే అయింది."

ఆయన మాట నిజమని తోచేకొద్దీ ఆవిడకు మంట పెరిగింది. టీ గ్లాసు టపీమని బల్లమీద పెట్టింది.

మర్నాడు కుర్రాడితో ఒక ఒప్పందం చేసుకుంది. "నేను పక్క గదిలో ఉన్నన్ని రోజులూ నువ్వు నన్ను పిలవాలి. అవసరమున్నా సరే, లేకపోయినా సరే. నేనొచ్చి ఒక్క మాట అనను. అంటే నన్నడుగు."

అతను తల ఊపబోయి ఆపుకున్నాడు. "సరే మేడమ్."

ఇక మొదలైంది తద్దినం. మానిటరు తీగ ఊడి కూత పెడితే పిలుపు. రోగి కాలి బొటనవేలు కదిలిస్తే పిలుపు. ఆవిడ భోజనం డబ్బా మూత తీసిందో లేదో ఫోను. పరిగెత్తుకుని వెళితే, "ఈ మందు తెల్లగా ఉండాలా, కాస్త పసుపుగా ఉన్నా పర్వాలేదా మేడమ్?" అని. పళ్లు నూరుకుని జవాబు చెప్పి వచ్చేది. ఒకసారైతే ఆపుకోలేక, "ఈ మాత్రానికి" అనేసింది. సిస్టరు, కుర్రాడు ఇద్దరూ గుడ్లప్పగించి చూశారు. ఆవిడ గుటక వేసి, "ఈ మాత్రం జాగ్రత్త ఉండాల్సిందే" అని ముగించి, బయటికొచ్చి గోడకు తల ఆనించుకుంది.

వాణ్ని దారిలో పెట్టడానికి పూనుకుంటే తానే కుదురు నేర్చుకోవాల్సి వస్తోందని ఆవిడకు ఉక్రోషం. ఇన్నేళ్లుగా ఎవరి ముందూ అదుపులో పెట్టుకోని నోటిని ఈ తల ఊపే కుర్రాడి కోసం పెట్టుకోవాలా అని రోజూ అనుకునేది. రోజూ పెట్టుకునేది.

కొన్ని వారాలకు ఆ పిలుపుల్లో పస కనిపించసాగింది. తీగల గొడవలు తగ్గాయి. "ఈవిడకు ఉబ్బసం ఉంది మేడమ్, నేను ఈ మందు అనుకుంటున్నాను, మీరేమంటారు?" అనే రకం పెరిగాయి. ఒకరోజు ఆవిడ ఏదో వివరించి, అలవాటుగా "అర్థమైందా?" అంటే, "కాలేదు మేడమ్" అన్నాడు. ఆ సంగతి ఆవిడ మూడు రకాలుగా చెప్పాల్సి వచ్చింది. మూడోసారి చెబుతుంటే, ఇన్నేళ్లూ అందులో ఒక మెలిక తనకే సరిగ్గా పట్టలేదని తెలిసి సిగ్గేసింది. పైకి మాత్రం, "వెళ్లు, వెళ్లి చదువుకో" అంది.

ఈలోగా పెద్దసారు, "ఇంకా ఎన్నాళ్లమ్మా? ఆలస్యమంతా మీవల్లేనని అందరూ అంటున్నారు" అన్నాడు.

"అననివ్వండి సార్. రేపు బల్లమీద పడుకునేది వాళ్లలో ఒకరైతే అప్పుడు తొందరపెట్టమనండి."

ఒక మధ్యాహ్నం కాన్పు ఆపరేషన్ జరుగుతోంది. బిడ్డ బయటపడి కేర్‌మంది. ఆవిడ పక్క గదిలో ఉంది. ఫోను మోగింది.

"మేడమ్, వెంటనే రండి. రక్తం ఆగడం లేదు. బీపీ పడిపోతోంది. సెలైన్లు రెండు చేతులకూ ఎక్కిస్తున్నాను, రక్తం తెమ్మని పంపాను. నా ఒక్కడి వల్ల కాదు."

గొంతు వణకలేదు. ఆవిడ వెళ్లేసరికి అతను తల్లి తలవైపు నిలబడి ఆ తల్లితో మాట్లాడుతూనే మందులు ఇస్తున్నాడు. తలుపు చప్పుడుకు వెనక్కి తిరిగి చూడలేదు, "ఎడమ చేయి మీరు చూడండి మేడమ్" అన్నాడంతే. ఆవిడ మాట్లాడకుండా ఎడమవైపు వెళ్లింది. ఆవిడ రక్తం సంచి పిండుతుంటే అతను అంకెలు చదివాడు, సర్జను గర్భసంచిని పట్టుకుని అదిమింది. ఆ బీపీ అంకె చాలాసేపు మొండికేసి, చివరికి కదిలింది. తల్లి పెదాలకు రంగు తిరిగొచ్చింది. "పాప ఏది?" అని అడిగింది.

అంతా సర్దుకున్నాక కుర్రాడు గోడవార స్టూలు మీద కూలబడ్డాడు. ఆవిడ అతని చేతికి మంచినీళ్ల సీసా ఇచ్చింది. బాగా చేశావని అనాలనిపించింది కానీ, ఆ మాట వాడకం తక్కువై నోరు తిరగలేదు. "రక్తం కోసం ఇంకాస్త ముందే చెప్పి ఉండాల్సింది" అంది.

"అవును మేడమ్. ఆలస్యం చేశాను."

ఆ మర్నాడు సంతకం పెట్టేసింది. పెద్దసారు కాగితం అందుకుని మురిసిపోయాడు. "చూశారా, మీకున్న ఓపిక ఎవరికుందమ్మా! ఈసారి ఇద్దరు కొత్తవాళ్లు వస్తున్నారు. ఇద్దరినీ మీకే రాశాను."

ఆవిడ నెత్తిన చేతులు పెట్టుకుంది. వేరే ఎవరికైనా ఇమ్మని, తనకు నడుం నొప్పని, ఇంట్లో అత్తగారికి బాగోలేదని, నోటికొచ్చిందల్లా చెప్పి చూసింది. ఆయన నవ్వుతూ తలుపు తెరిచాడు. బయట బల్లమీద ఒక అమ్మాయి, ఒక అబ్బాయి బిగుసుకుని కూర్చుని ఉన్నారు.

"భయమేస్తోందా?" అని అడిగింది ఆవిడ, విసుగ్గానే.

"లేదు మేడమ్" అన్నాడు అబ్బాయి.

"కొంచెం వేస్తోంది మేడమ్" అంది అమ్మాయి.

"మంచిది" అని, ఆవిడ వాళ్లిద్దరినీ వెంటబెట్టుకుని ఆపరేషన్ గదుల వైపు నడిచింది.