దేవదానం బావికి నేను పెట్టిన సున్నా

ఒక మనిషి బరువు నా మీద ఉంది. ఏళ్ల తరబడి మోస్తున్నాను. మా గ్రంథాలయం చరిత్ర రాసివ్వమని, చివర వందన సమర్పణ కూడా జోడించమని కమిటీవారు అడిగారు. అందులో నీళ్ల బోర్డు గురించి గొప్పగా రాయాలట. రాస్తాను. కానీ ఉన్నదంతా రాస్తాను. లేకపోతే నా తరవాత వచ్చేవాళ్లు ఆ బోర్డు చూసి చేతులెత్తి దణ్ణం పెడతారు. ఆ దణ్ణం నాకొద్దు.

నేను బళ్లో చదివింది తక్కువ. మిగతాదంతా గ్రంథాలయంలోనే. బందరు నుంచి పడవలో వచ్చే పాత పత్రికలను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఇంగ్లీషు అలాగే పట్టుబడింది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, గర్వమే. అలాంటి ఒక పత్రికలో ఎరువులను పోలుస్తూ ఒక పట్టిక వేశారు. అందులో మాటల్లేవు. మంచిదానికి నిండు చుక్క, ఒకమాదిరిదానికి సగం, పనికిరానిదానికి ఖాళీ సున్నా. చదువు రానివాడు కూడా చదవగల పట్టిక! ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

మాది దివిసీమ. నేలంతా ఉప్పు. వేసవిలో కాలవ కట్టేస్తే తాగే నీళ్ల కోసం మొహాలు చూసుకోవాలి. అందుకని ఊళ్లో నీళ్లకు అలాంటి పట్టిక వేద్దామనుకున్నాను. పడవకు పూసే తారు చెక్కకు పూసి, సున్నంతో గీశాను. అడ్డంగా తీపు, రంగు, పప్పు ఉడకడం, కంటికి కనబడని పురుగు. నిలువుగా కాలవ, ఊరి బావులు, పల్లెలో దేవదానం బావి. గ్రంథాలయం బయటి గోడకు తగిలించాను. జనం నిండు చుక్కను పున్నమి అన్నారు, ఖాళీదాన్ని అమావాస్య అన్నారు. నెల తిరక్కుండా ఊరంతటికీ చదవడం వచ్చేసింది.

దేవదానం ఊరికి ఎడంగా ఉన్న క్రైస్తవ పల్లె మనిషి. ఆ బావి తన చేత్తో తవ్వుకున్నాడు. ఊరి బావుల దగ్గరకు వాళ్లను రానిచ్చేవారు కాదు. నేను చాటుగా వెళ్లి ఆ నీళ్లు తాగాను. అంత తియ్యటి నీళ్లు మా ఊళ్లో మరెక్కడా లేవు.

మరి నిండు చుక్క పెట్టాలి కదా? పెట్టలేదు. పక్క ఊళ్లో పల్లెవాళ్ల బావి తియ్యగా ఉందని తెలిసి అక్కడి కామందు చుట్టూ కంచె వేయించాడు. తవ్వినవాళ్లే కంచె బయట నిలబడి బిందెలు చాపారు. మా కామందు అంతకంటే మంచివాడేం కాదు. తీపుకు సున్నా పెడితే ఎవడైనా తాగి చూసి నవ్వుతాడు. అందుకని కంటికి కనబడని పురుగు గడిలో సున్నా పెట్టాను, అంటే పురుగుందని. అక్కడ నన్ను తప్పుపట్టగలవాడు ఊళ్లో లేడు. కామందు ఆ బావి వైపు చూడలేదు. ఆ అబద్ధానికి నేను ఈనాటికీ తల దించుకోను. మళ్లీ అదే రోజు వస్తే మళ్లీ అదే గీస్తాను.

అయితే నేను మరిచిపోయింది ఒకటుంది. చదువు రానివాళ్ల కోసం గీసిన బోర్డును పల్లెవాళ్లూ చదువుతారని. గ్రంథాలయం పేరుకు అందరిదీ. లోపలికి కొందరే వచ్చేవారు. నా లెక్కలో చదివేవాళ్లంటే ఆ కొందరే.

కాలవ కట్టేసిన రోజుల్లో దేవదానం భార్య సంతోషమ్మ బోర్డు కింద నిలబడింది. పక్కనే అరుగు మీద కామందుగారి పాలేరు చుట్ట కాలుస్తున్నాడు.

“అయ్యా, మా బావిలో పురుగుందాండీ?”

“ఉంది.”

“తమరి కంటికి కనబడిందా?”

“కంటికి కనబడేదైతే బోర్డెందుకు, సంతోషమ్మా?”

పాలేరు పకపకా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

“మా ఆయన పొద్దున్నే మొదటి చెంబు ఆ నీళ్లే తాగుతాడండీ. మానమని చెప్పనా?”

“చెప్పు.”

అంతే. ఒక్క మాట. పాలేరు ఉన్నాడు కాబట్టి అన్నాను, నిజమే. వాడు లేచి వెళ్లిపోయాక? ఆ సాయంత్రం? మర్నాడు? పల్లె ఎంత దూరమని? గుట్టుగా వెళ్లి, ఆ సున్నా మీ కోసమే పెట్టాను, మీ నీళ్లు మీరు తాగండి అని చెప్పడానికి నాకు ఎవరు అడ్డం? బోర్డు అడ్డం. ఒక్క చుక్క అబద్ధమని బయటికి పొక్కితే మిగతా చుక్కలను ఎవరు నమ్ముతారని నా భయం. సున్నా బావి కోసం పెట్టాను. నోరు మాత్రం నా పేరు కోసం మూసుకున్నాను. ఈ రెండింటినీ కలిపి ఒకే పుణ్యంగా చెప్పుకుంటూ వచ్చాను చూశారా, అదీ నా తప్పు.

కాలవకు అదే గడిలో సగం చుక్క ఉంది. పారే నీటిలో పురుగు నిలవదని ఎక్కడో చదివి, నిండుగా పారే రోజుల్లో పెట్టింది. కాలవ కట్టేశాక దాన్ని దిద్దాలని నాకు తోచలేదు. సున్నా కంటే సగం మేలు కదా. పల్లెవాళ్లు కాలవ అడుగున మిగిలిన మడుగు నీళ్లు తెచ్చుకున్నారు. వాంతులు, బేదులు పట్టుకున్నాయి. మిగతావాళ్లు తేరుకున్నారు. దేవదానం తేరుకోలేదు. తన బావి పక్కనే ఉండగా, నా మాట నమ్మి ఆ మడుగు నీళ్లు తాగి పోయాడు.

ఇప్పుడు ఊరికి మంచినీళ్ల చెరువు వచ్చింది. ఆ బావి మీద ఎవరికీ కన్ను లేదు. ఇప్పుడు చెప్పడం సులువే అంటారు. అవును, సులువే. అయినా నిన్న పల్లెకు వెళ్లి సంతోషమ్మకు అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. క్షమించాననీ అనలేదు. ఆ బోర్డు ఇంకా గోడకే ఉందా అని అడిగింది. ఉందన్నాను. అయితే ఇక్కడెందుకు కూర్చున్నారని అడిగింది.

లేచి వచ్చి సున్నం కలిపాను.

వందన సమర్పణ. చెక్కా తారూ ఇచ్చిన పడవ సరంగు వెంకన్నకు, బందరు నుంచి పత్రికలు పంపిన సుబ్బారావుగారికి, నిచ్చెన పట్టుకున్న మస్తానుకు నా కృతజ్ఞతలు. అడగాల్సిన మాట రెండుసార్లు అడిగిన సంతోషమ్మకు కృతజ్ఞతలు. బావి తవ్విన దేవదానానికి కృతజ్ఞతలు. అతని గడిలో ఈ ఉదయం నిండు చుక్క పెట్టాను. ఇంకా తడి ఆరలేదు.