రెండు పెట్టెల్లో ఒకటి

ఎమ్సీయే పూర్తయ్యాక ఉద్యోగానికి హైదరాబాదు వెళ్తానంటే ఇంట్లో ఒప్పుకోలేదు. రాజమండ్రిలో మా అక్క భర్తకు కంప్యూటర్ సెంటరు ఉండేది. "ఇంట్లో ఊరికే కూర్చోవడం ఎందుకమ్మా, వచ్చి మా సర్వరు చూసుకో" అన్నారు బావగారు. అలా రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అక్కడ చేరాను.

బావగారికి పదో తరగతి ఫలితాల రోజంటే మహా సరదా. సెంటరు తరఫున ఒక సైటు నడిపేవారు. ఫలితాల సీడీ రాగానే మేము దాంట్లోకి ఎక్కిస్తే, పాలకొల్లు, నరసాపురం, మొగల్తూరు దాకా చిన్న చిన్న నెట్ సెంటర్లన్నీ మా సైటే తెరిచి పిల్లలకు మార్కులు చెప్పేవి. నేను చేరిన ఏడాది జనం తాకిడికి మా ఒక్క సర్వరూ మధ్యాహ్నానికల్లా మొరాయించింది. అందుకని మరుసటి ఏడాదికి ఇంకో సర్వరు కొన్నారు. రెండున్నప్పుడు, వచ్చేవాళ్లలో ఎవరిని దేనికి పంపాలో చూసే పెట్టె ఒకటి వాటి ముందు ఉండాలి. రేవులో గోదావరి దాటించే పంట్లు రెండు ఆగి ఉంటే రద్దీ చూసి జనాన్ని ఇటూ అటూ ఎక్కించే మనిషి లాంటిదన్నమాట. దాన్ని లోడ్ బ్యాలెన్సర్ అంటారు.

రెండు కంపెనీల వాళ్లు చెరో పెట్టె తెచ్చి మా బల్ల మీద పెట్టారు. మొదటిది తేలిక. సెట్టింగులన్నీ ఒక్క పేజీలో ఉన్నాయి. నేను సెలవు పెట్టినా సెంటర్లో ఎవరైనా నడిపేయొచ్చు. రెండోదానికి ప్రతి చిన్న మార్పుకీ బుర్ర పెట్టాలి, లేదంటే హైదరాబాదు నుంచి వాళ్ల మనిషి రావాలి.

"అసలు రెండింటికీ తేడా ఏంటమ్మా?" అని అడిగారు బావగారు.

"మొదటిది సర్వరు బతికుందా లేదా అని మాత్రమే చూస్తుందండి. రెండోది పేజీ తెరిచి, అందులో మార్కులు వస్తున్నాయా లేదా అని కూడా చూస్తుంది."

"సర్వరు బతికుండి మార్కులు రాకపోవడం ఉంటుందా?"

"ఉంటుందండి. కానీ అరుదు."

ఒక సర్వరు వైరు పీకి చూశాం. రెండు పెట్టెలూ వెంటనే జనాన్ని మిగిలిన సర్వరుకి మళ్లించాయి. బావగారు తేలిగ్గా ఉన్నదాని మీద చెయ్యి వేసి, "ఇది చాలుగా మనకి" అన్నారు. నాకూ అదే సుళువనిపించింది. సరేనన్నాను.

ఫలితాల రోజు పొద్దున్న అంతా బాగానే నడిచింది. పదకొండు దాటాక మొగల్తూరు నెట్ సెంటరతను ఫోన్ చేశాడు.

"మేడమ్‌గారూ, నంబరు కొడితే పేజీ తెల్లగా వస్తుందండి. ఇందాకటి నుంచీ అలాగే ఉంది."

వెళ్లి చూస్తే రెండో సర్వర్లో మార్కులు దాచే డేటాబేసు ఆగిపోయి ఉంది. సర్వరు మాత్రం బతికే ఉంది. అడిగినవాళ్లకు క్షణంలో ఖాళీ పేజీ ఇచ్చేస్తోంది. ఏ సర్వరు చేతులు ముందు ఖాళీ అయితే దానికి ఎక్కువమందిని పంపడం మా పెట్టె పద్ధతి. పాడైనదే చురుకైనదనుకుని దాదాపు అందరినీ దాని మీదికే తోలింది. సంగతి కనిపెట్టి దాన్ని వరసలోంచి తప్పించేసరికి చాలాసేపు పట్టింది.

ఆ రోజుల్లో పేపర్లో పాసైనవాళ్ల నంబర్లే వేసేవారు. నంబరు కనపడలేదంటే పోయినట్టే. తెల్ల పేజీని కూడా జనం అలాగే అర్థం చేసుకున్నారు.

మధ్యాహ్నం మొగల్తూరు అతను మళ్లీ ఫోన్ చేశాడు. పొద్దున్న తెల్ల పేజీ చూసి వెళ్లిపోయినవాళ్లలో చేపలవాళ్ల అమ్మాయి ఒకతి ఉందనీ, ఇప్పుడు ఆ నంబరు కొడితే ఫస్ట్ క్లాసు వచ్చిందనీ చెప్పాడు. "వాళ్ల నాన్న బాగా కోపంగా తీసుకెళ్లాడండి" అన్నాడు.

బావగారు మార్కుల కాగితం ప్రింటు తీయించారు. మర్నాడు పొద్దున్నే ఇద్దరం నరసాపురం బస్సెక్కి, అక్కణ్నుంచి ఆటోలో మొగల్తూరు వెళ్లాం. ఆ నెట్ సెంటరతనే ఇల్లు చూపించాడు. ఆ అమ్మాయి తండ్రి వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. నలభై దాటిన మనిషి.

"మీ అమ్మాయి పాసైందండి. ఫస్ట్ క్లాసు. నిన్న మా సర్వరు పాడై పేజీ ఖాళీగా వచ్చింది. తప్పు మాదండి" అని బావగారు కాగితం అందించారు.

అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, గుమ్మంలో నిలబడ్డ కూతురికి ఇచ్చాడు. ఆ పిల్ల చదువుకుని, మడిచి చేతిలోనే పట్టుకుంది. మొహంలో సంతోషం ఏమీ కనపడలేదు.

"నిన్న సెంటరు ముందే చెయ్యి చేసుకున్నానండి" అన్నాడతను. "నలుగురూ చూశారు. పుట్టింది లగాయతు ఎప్పుడూ కొట్టలేదు."

"మా మిషన్ వల్లేనండి" అన్నారు బావగారు.

"మిషనేం చేస్తాదండి. ఇంకోసారి చూడమను నాన్నా, ఇంకోసారి చూడమను అంటానే ఉంది. నేనే వినలేదు."

వాళ్లావిడ మాకు టీ ఇచ్చింది. నేను ఆ పిల్లను ఇంటర్లో ఏ గ్రూపు తీసుకుంటావని అడిగాను. "తెలీదండి" అంది, తండ్రి వైపు చూడకుండా.

తిరుగు బస్సులో నాకు ఒకటే ఆలోచన. వైరు పీకి చూసినవాళ్లం డేటాబేసు ఒక్కటే ఆపి చూసి ఉంటే, ఏ పెట్టె ఏం చేస్తుందో ఆ బల్ల దగ్గరే తెలిసిపోయేది. పరీక్షంతా అయిదు నిమిషాల పని. ఆ మాట బావగారితో అన్నాను.

"ఆ రోజు మనిద్దరికీ తట్టలేదమ్మా" అన్నారాయన.

మరుసటి ఏడాది రెండో పెట్టె కొన్నాం. ఏ ఇబ్బందీ రాలేదు. కానీ ఫలితాల రోజు బావగారు సర్వర్ల గది వైపు రాలేదు. పొద్దున్నుంచీ ఫోన్ దగ్గరే కూర్చుని, ఊరూరి సెంటర్లకూ "పేజీ రాకపోతే ఫెయిలని చెప్పకండి, మాకు ఫోన్ చెయ్యండి" అని చెబుతూనే ఉన్నారు. కొన్నేళ్లకు పెద్ద పెద్ద సైట్లు వచ్చాయి, మాది మూసేశాం. ఆయన మొహంలో మునుపటి సరదా మళ్లీ చూడలేదు నేను.

ఆ అమ్మాయి నరసాపురంలో మేనత్త ఇంట్లో ఉండి ఇంటర్ చదువుతోందని మొగల్తూరు అతను ఒకసారి చెప్పాడు. ఇంటికి వస్తోందా, తండ్రితో మాట్లాడుతోందా అని అడగాలనిపించింది. ఏం వినాల్సి వస్తుందోనని అడగలేదు.