కప్ప దర్జీ బెండు చొక్కాలు

రేవు వీధిలో ఎవరినడిగినా కప్ప దర్జీ కొట్టు చూపిస్తారు. ఎగతాళికి పెట్టిన పేరే అయినా ఆయన దాన్ని బిరుదులా మోశాడు. చదివింది ఊరి బడిలో ఐదో తరగతి. ఆ చదువుతోనే ముగ్గురు కెప్టెన్లకు కోట్లు కుట్టాడు. బ్యాండు వాళ్లకు పదహారు జతలు తొమ్మిది రోజుల్లో కుట్టి ఇచ్చాడు. ఒకసారి చిరిగిన తెరచాపకు పడవ మీదే కూర్చుని అతుకేసి, గాలి లేవకముందే దిగి వచ్చాడు. ఈ మూడూ వరసగా చెప్పకుండా ఎవరికీ ఊడిన గుండీ కూడా కుట్టి ఇచ్చేవాడు కాదు.

నాలుగో ఘనత స్టీమరు కంపెనీ ఇచ్చిన పని: ప్రయాణికుల కోసం మూడు వందల బెండు చొక్కాలు. మందపాటి గుడ్డలో బెండు ముక్కలు పెట్టి కుట్టిన ఆ చొక్కా తొడుక్కుని నడుముకి పట్టీ బిగిస్తే మనిషి మునగడు. కుట్టిన ప్రతి చొక్కానూ ఆయనే తొడుక్కుని కొట్టు వెనక కాలువలోకి దూకేవాడు. వంద లెక్కపెట్టేదాకా తేలితేనే దానిమీద ఎర్రదారంతో గుర్తు పడేది. రోజుకు నాలుగైదు దూకుళ్లు. కప్ప అనక ఏమంటారు?

"మూడు వందల సార్లు దూకుతావా బావా? ఒకటి తేలితే అన్నీ తేలినట్టే గదా!" అన్నాడు రేవులో క్రేను నడిపే బావమరిది.

"మీ అక్కని ఒక్క పూట చూసి, రోజూ ఇంత నెమ్మదిగానే ఉంటుందనుకుని పెళ్లి చేసుకున్నాను. అప్పట్నించి దేన్నయినా విడివిడిగా చూసుకుంటున్నా."

"ఏవండీ, నాకు వినపడుతోంది!" అని లోపల్నించి కేక.

గొంతుకు తగ్గ నిండైన మనిషి ఆవిడ. ఆయనేమో కొలత టేపుకు చొక్కా తొడిగినట్టుండేవాడు.

ఆ కంపెనీ స్టీమరులోనే ఆవిడ చెల్లెలి కాన్పుకు వెళ్లింది. తిరిగి వచ్చే రోజున తుఫాను పట్టుకుంది. మర్నాడు పొద్దున్నే బావమరిది తడిసి ముద్దయి కొట్లోకి పరిగెత్తుకొచ్చాడు.

"బావా, స్టీమరు పోయింది! నీళ్లలో రాతిగుట్టకు కొట్టుకుని మునిగిందట. జనానికి నీ చొక్కాలు తొడిగి నీళ్లలోకి దించారట. చేపల పడవలు వెళ్లాయి."

"నా చొక్కాలు మునగవురా. ఒక్కొక్కటీ నేనే తొడుక్కుని..." అంటూ లేచిన దర్జీ అక్కడే ఆగిపోయాడు. గోడకు తగిలించిన చొక్కా అందుకుని పట్టీ నడుముకు చుట్టాడు. ముడికి బెత్తెడు మిగిలింది. ఆయన నడుము ఇరవై ఎనిమిది అంగుళాలు. ఆవిడది టేపు లేకుండానే చెప్పగలడు: నలభై ఆరు.

"పట్టీ చాలదురా. మీ అక్కకి పట్టీ చాలదు."

బావమరిది ఆయన్ని రేవు వైపు లాక్కెళ్లాడు.

ఇద్దరూ రేవు గట్టున నిలబడ్డారు. పడవలు ఒక్కొక్కటే వస్తున్నాయి. దిగినవాళ్ల మొహాలు చూడకుండా నడుములే చూశాడు దర్జీ. సన్నవాళ్లు, ఇంకా సన్నవాళ్లు. ఒకాయన చేయి పట్టుకుని, "నీ చలవే దర్జీ!" అంటే వినిపించుకోలేదు.

నాలుగో పడవలోంచి సరుకుల కొట్టు ఆసామి దిగాడు. గుమ్మటంలాంటి మనిషి. ఒంటి మీద రెండు చొక్కాలు: ముందొకటి, వెనకొకటి. దీని పట్టీ దానికి, దాని పట్టీ దీనికి కలిపి రెండు పక్కలా ముడి. ఆ ముడి చూడగానే దర్జీకి ప్రాణం లేచొచ్చింది. సూదిలోంచి దారం జారకుండా తన ఇంట్లో ఆవిడ వేసే ముడి అది.

ఐదో పడవ ఇంకా గట్టుకు తగలకముందే కేక వినపడింది.

"ఏవండీ! మూడు వందలు కుట్టారే, లోకంలో అందరూ మీలాగే ఎండిపోయి ఉంటారనుకున్నారా?"

దిగుతూనే చెప్పింది: "పట్టీ నా పొట్ట సగానికొచ్చి నిలబడిపోయింది. దర్జీ పెళ్లాన్ని, ఊరుకుంటానా? స్టీమరు సగం ఖాళీ, చొక్కాలకు కొదవ లేదు. లావుగా ఉన్నవాళ్లందర్నీ వరసలో పెట్టి జంట చొక్కాలు కట్టాను. కెప్టెనుకి కూడా! మీరు కోటు కుట్టిన నాటి నడుము కాదు ఆయనది."

దర్జీ మెడలోని టేపు తీసి, అందరి ముందే ఆవిడ నడుము చుట్టూ తిప్పాడు.

"ఇక్కడేంటండీ! జనం చూస్తున్నారు!"

"ఊపిరి బిగపట్టకు. మామూలుగా నిలబడు," అన్నాడాయన.