పక్కింటి పెరట్లో కాఫీ కప్పులు

నా చిన్నప్పుడు గోడ అవతల ఎవరైనా దగ్గితే చాలు, నాకు గుండె ఆగినంత పనయ్యేది. మహమ్మారి వచ్చిన ఏడాది అది. ఐర్లండ్‌లో, లిమరిక్ ఊరి చివర ఉండేవాళ్లం. నాన్న ఊపిరి అందక ఆసుపత్రిలో ఉన్నారు. మమ్మల్ని చూడనివ్వలేదు. అమ్మకు కూడా ఆ జబ్బు వస్తే నా గతేమిటన్న ఆలోచనతో నాకు అన్నం సయించేది కాదు. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు.

పక్కింట్లో ఇథియోపియా నుంచి వచ్చిన ఆంటీ ఒక్కరే ఉండేవారు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ పెరట్లోంచి సాంబ్రాణి పొగ లేచింది. మేడమీది కిటికీలోంచి తొంగి చూశాను. పళ్లెం నిండా పిడి లేని చిన్న కప్పులు, తొమ్మిదో పదో ఉన్నాయి. షెడ్డు అడ్డం వచ్చి మనుషులు కనబడలేదు కానీ ఆడవాళ్ల మాటలు, నవ్వులు వినిపించాయి. ఇంటికి ఎవరినీ పిలవకూడదన్న రోజులవి. జబ్బు గోడ దాటి అమ్మను పట్టుకుంటుందనిపించింది. అమ్మ ఫోన్ తీసి గార్డులకు, అంటే అక్కడి పోలీసులకు, ఆవిడ ఇంటి నంబరు చెప్పేశాను.

వాళ్లు వచ్చారు. తలుపు తీసిన ఆంటీ యూనిఫాం చూడగానే గోడ పట్టుకుని నిలబడిపోయారు. పెరట్లో ఎవరూ లేరు. ఆ మాటలన్నీ ఫోన్‌లో ఆవిడ అక్కచెల్లెళ్లవి. గార్డు నొచ్చుకుని, అంతా గ్రాండ్, అంటే బాగానే ఉంది అని చెప్పి వెళ్లిపోయాడు.

"ఎవరు చెప్పారో పాపం. ఒక్కత్తే కదా ఆవిడ," అంది అమ్మ.

రెండు రోజుల తర్వాత ఆంటీ నన్ను గోడ దగ్గరికి పిలిచి ముందు నాన్న సంగతి అడిగారు. తర్వాత నేను అడక్కుండానే తన దేశం గురించి చెప్పారు. అక్కడ ఎనభైకి పైగా జాతులట. వాళ్ల వీధిలోనే ఒరోమోలు, అమ్హారాలు, గురాగేలు, ఇంటికో భాష. ఒకరింట్లో కాఫీ కాస్తే అందరూ వచ్చి మూడు విడతలు తాగాల్సిందే. ఒక్కరే తాగడం ఎరగని మనుషులు. అందుకే ఎవరూ రాకపోయినా పళ్లెం నిండా కప్పులు పెడతారట. ఆవిడ చిన్నతనంలో సైన్యం గద్దెనెక్కింది. నలుగురు ఒకచోట చేరితే కుట్ర అనేవారట.

"మా ఇంట్లో కప్పులు లెక్కపెట్టి సైనికులకు చెప్పింది పక్కింటి అబ్బాయే," అన్నారు. "వాళ్లు పట్టుకెళ్లిన మా నాన్న మళ్లీ రాలేదు. ఆ పిల్లాడి మీద నాకు కోపం లేదు. వాళ్లింట్లో ఏం భయం ఉండేదో."

ఒక కప్పు గోడ మీద పెట్టి రెండు మీటర్లు వెనక్కి జరిగారు. గార్డులకు ఫోన్ చేసింది నేనేనని చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. కాఫీ చల్లారేదాకా నిలబడి, అమ్మ పిలుస్తోందని అబద్ధమాడి లోపలికి పారిపోయాను.

నాన్న ఇంటికొచ్చిన రోజు ఆంటీ గేటు దగ్గర నిలబడి చప్పట్లు కొట్టారు. మరుసటేడు ఆవిడ ఊరు మారిపోయారు. నేను చెప్పనేలేదు.

యాభై ఏళ్లు దాటాయి, ఇప్పుడు నాకు మనవలున్నారు. భయమేస్తే నా అనుమానం ఈనాటికీ ముందు పక్కవాడి మీదికే పోతుంది. ఆ గుణం చావలేదు. కాకపోతే ఇప్పుడు నేనే వెళ్లి తలుపు తట్టి అడుగుతాను.