బెండకాయలకి కన్నీళ్లు

ఆ రోజుల్లో (మరీ పాతవేం కావు, నాలుగేళ్ల కిందటివే) చెవుల్లో ఇయర్‌ఫోన్లు లేకుండా నన్ను చూసినవాళ్లు మా క్యాంప్ 2 బస్తీలో ఎవరూ ఉండరు. డిగ్రీ అయింది, పిల్ల బ్యాంకు పరీక్షకి చదువుతోందని ఇంట్లో అందరి నమ్మకం. నేను వింటున్నది మాత్రం ఎప్పటివో పాత తెలుగు నవలలు, మధ్యలో కాస్త తెరిపిగా తేనెటీగల మీదా నదుల మీదా రాసిన పుస్తకాలు. నాన్న ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికని హిందీవాళ్ల ఊళ్లో స్థిరపడ్డాం, నేను హిందీ మీడియంలో చదివినదాన్ని. తెలుగు వాక్యం కూడబలుక్కుని చివరికి చేరేసరికి మొదలు మరిచిపోయేదాన్ని. అందుకే మన పుస్తకాలన్నీ నాకు చెవిలోంచే దక్కాయి. "ఏటి వింటన్నావే?" అని అమ్మ మొదటిసారి అడిగినప్పుడు, కథలంటే ఫోను లాక్కుంటుందని హడలిపోయి "లెక్చర్లమ్మా" అనేశాను. సాయంత్రానికల్లా కుళాయి దగ్గర అమ్మ గొంతు: "మా పిల్ల రోజుకి నాలుగు గంటలు లెక్చర్లే వింటాది!"

ఒకరోజు కూర తరుగుతూ వింటున్నాను. నవల్లో ముసలి తండ్రి కూతురికి చెప్పకుండా రైలెక్కేశాడు. నాకు కన్నీళ్లు ఆగలేదు. "ఏడస్తన్నావేటే?" అంది అమ్మ. "ఉల్లిపాయలమ్మా" అన్నాను. అమ్మ నా ముందున్న బెండకాయలకేసి ఓసారి చూసి, పోపు వేసుకోవడానికి వెళ్లిపోయింది. ఆ పూట డైరీ రాస్తూ నా సమయస్ఫూర్తిని నేనే మెచ్చుకున్నాను.

తర్వాతి వారం ఎదురింటి పిన్ని వచ్చింది. వాళ్లమ్మాయిదీ అదే పరీక్ష. "ఏదమ్మా, ఆ లెక్చరు జర నాకూ వినిపించు, మా దానికి కూడా పెడతాను" అంటూ, నేను వద్దనేలోపే ఫోన్లోంచి వైరు లాగేసింది. గదంతా ఖంగుమని గొంతు: "అత్తగారు ఎంత తట్టినా కోడలు తలుపు తియ్యలేదు. లోపల గాజుల చప్పుడైనా లేదు."

"ఇదేటి బ్యాంకు పాఠం, అక్కా?" అంది పిన్ని, పక్కనే బియ్యం ఏరుతున్న అమ్మకేసి తిరిగి.

గబగబా ఫోను ఆపేశాను (మామూలుగానే నాకు నోరున్నది డైరీలో). ఫోనూ పోయింది, కోడలి సంగతీ ఇక తెలియదు అనుకున్నాను. అమ్మ బియ్యంలోంచి తలెత్తకుండా, "ఇంటర్వ్యూలో అడుగుతారంట సెల్లీ. కోడలు తలుపెందుకు తియ్యలేదు, కారణాలు సెప్పమని" అంది.

"అవునా! మా దానికి ఒక్కలూ సెప్పలేదే!" అని పిన్ని కంగారుగా కూతురి దగ్గరికి పరిగెత్తింది.

అమ్మ చేట పక్కన పెట్టి తలుపు గడియ వేసింది. తిట్లకి సిద్ధపడి గోడకి ఒదిగి కూర్చున్నాను. అమ్మ వచ్చి నా పక్కనే కూర్చుంది.

"ఇప్పుడు సెప్పు. తీసిందా, నేదా?"

"నేను వినేవి కథలని నీకు ముందే తెలుసా అమ్మా?"

"బెండకాయలకి ఎవులేడుస్తారే?"

వైరు మళ్లీ గుచ్చి, చెరో చెవికీ ఒకటి పెట్టుకున్నాం. నాన్న ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చేసరికి అన్నం ఇంకా పొయ్యెక్కలేదు, కోడలు ఇంకా తలుపు తియ్యలేదు.

ఆ పరీక్ష నేను తప్పాను. (పిన్ని కూతురు నెగ్గింది. కోడలి ప్రశ్న వచ్చిందో లేదో అడిగే ధైర్యం చెయ్యలేదు.) ఇప్పుడు స్మృతి నగర్‌లో చిన్న ఆఫీసులో పనిచేస్తున్నాను. తెలుగు అక్షరాలూ నెమ్మదిగా పట్టుబడ్డాయి, ఇలా రాసుకునేంత. మధ్యాహ్నం ఫోను చేస్తే, "ఉండే, ఈ అధ్యాయం అవనీ" అని అమ్మ పెట్టేస్తుంది. మొన్న పాత డైరీ తిరగేస్తుంటే బెండకాయల రోజు తగిలింది. తెలుగు మాటలే, హిందీ అక్షరాల్లో, కింద రెండు గీతలు కూడా గీసి ఉన్నాయి: "అమ్మకి ఏమాత్రం అనుమానం రాలేదు."

కొట్టెయ్యాలనిపించలేదు. అప్పటి ఆ పిల్లని అలాగే ఉండనిచ్చి డైరీ మూసేశాను.