అన్న బేస్‌కు తీగలు మార్చిన శనివారం

మొన్న పుణె నుంచి మన చిన్నది ఫోన్ చేసి, వాళ్ళ కాలేజీ సంగీత బృందంలో మనిషికంటే ఎత్తున్న డబుల్ బేస్ ఒకటి ఉందనీ, దానికి తీగలు మార్చాలనీ, మీ కోలారు గనుల్లో ఒకప్పుడు ఇంగ్లీషు బ్యాండ్లు ఉండేవట కదా, నీకేమైనా తెలుసా అవ్వా అనీ అడిగితే, నాకేం తెలుసమ్మా అనేసి ఫోన్ పెట్టేశాను. అబద్ధం చెప్పాను. నిలబెట్టి వాయించే ఆ పెద్ద ఫిడేలుకు తీగలు ఎలా మార్చకూడదో నాకు బాగా తెలుసు. అందుకే పిల్లలూ, మీ అందరికీ కలిపి ఇది రాస్తున్నాను.

గనులు సర్కారు చేతికి వచ్చాక దొరలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, క్లబ్బులో డాన్సులు తగ్గిపోయాయి, బ్యాండులో మిగిలిన నలుగురిలో మా అన్న ఒకడు. అన్నకు బేస్ నేర్పిన ఆంగ్లో ఇండియన్ మాస్టారు కూడా ఓడెక్కుతూ దాన్ని అన్నకే ఇచ్చేశాడు. దాని తీగలు గొర్రె పేగులతో చేసినవని తెలిసిన రోజు నుంచి అమ్మ దాన్ని గడప దాటనివ్వలేదు.

“గొర్రె పేగులు ఇంట్లోకి తెస్తావేమప్పా? ఆడనే వరండాలో పండుకోబెట్టు. రేపు నీ పెండ్లాం వచ్చి ఒప్పుకుంటే అప్పుడు లోపలికి తెచ్చుకుందువు” అనేది.

నాన్న మాత్రం పని దిగి వచ్చి ఆ తీగల మీద వేళ్ళు జార్చి, “ఈ తాడు పోయిందిరా, మార్చల్ల” అని నవ్వేవాడు. ఆయన పనే అది. మనుషుల్ని గని లోపలికి దింపే బోనును మోసే ఇనుప తాళ్ళను పరీక్షించేవాడు. గుప్పిట్లో నూలు పీచు పట్టుకుని మెల్లగా కదిలే తాడుకు ఆనిస్తే, ఎక్కడ ఒక్క పోగు తెగినా పీచు చిక్కుకునేదట. తాడు పాతబడితే మొత్తం దించేసి, ఆ తర్వాతే కొత్తది ఎక్కించేవాళ్ళు.

ఆ నాన్న ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఇంట్లో ఎవరం పెద్దగా ఏడవలేదు. అమ్మ వండేది, మేం తినేవాళ్ళం, గని సైరను మోగితే ముగ్గురం గడియారం వైపు చూసేవాళ్ళం. రెండు నెలలకు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది, నాన్న బదులు అన్న సోమవారం పనిలో చేరాలని, చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుందని. నాన్న దగ్గు విన్న ఇంట్లో గనిలోకి దిగాలని ఎవరికి ఉంటుంది? ఆ ముందు రోజు ఆదివారమే బెంగుళూరులో ఒక హోటల్ బ్యాండు వాళ్ళు అన్న వాయింపు వింటామన్నారు, నచ్చితే నెల జీతానికి పెట్టుకుంటామన్నారు.

“వాళ్ళు పెట్టుకుంటే ఆడికి పో. లేదంటే సోమవారం ఈడికి పో. ఇంగ ఉత్తనే కూర్చోవద్దప్పా” అంది అమ్మ.

తీగలేమో పోగులు లేచిపోయి ఉన్నాయి. శుక్రవారం నేనూ అన్నా బంగారుపేట మీదుగా రైల్లో బెంగుళూరు వెళ్ళి, వాయిద్యాల అంగడిలో పేగు తీగలూ ఉక్కు తీగలూ రెండూ చూశాం.

“పేగుదైతే మెత్తగా పలుకుతాది, వాన పడితే జారిపోతాది. ఉక్కుది గట్టిగా మోగుతాది, ఏండ్లు పడుంటాది. పాత పెట్టెనా మీది? తెలిసినోళ్ళని అడిగి కట్టండప్పా” అన్నాడు అంగడాయన.

తెలిసిన మాస్టారేమో సముద్రం దాటిపోయాడు. అన్న పేగు తీగను వేళ్ళ మధ్య చాలాసేపు తిప్పుతూ ఉంటే, ఉక్కువైతే అమ్మ లోపలికి రానిస్తుంది, అవే తీసుకో అన్నది నేనే.

శనివారం మధ్యాహ్నం వరండాలో అన్న ఒక్క లావు తీగ విప్పి, దాని చోట కొత్తది కట్టబోయాడు.

“అట్లా ఒకటొకటి ఏమిటికన్నా? నాన్నయితే పాతదంతా దించేసినాకే కదా కొత్తది ఎక్కించేది” అన్నాను.

నాన్న పోయాక ఆ ఇంట్లో ఆయన మాట ఎత్తడం అదే మొదటిసారి. అన్న చేయి ఆగిపోయింది. నా వైపు చూసి, “అవునుమే” అని మిగతా మూడూ విప్పేశాడు. తీగల్ని ఎత్తిపట్టే చెక్క పక్కకు ఒరిగింది, పెట్టె లోపల టక్కుమని ఏదో పడింది. బోర్లించి ఊపితే బొటనవేలంత లావు కొయ్యపుల్ల ఒకటి బయటికి వచ్చింది. ఎప్పటిదో మరమ్మతు ముక్క అనుకుని పక్కన పెట్టేశాం.

కొత్త తీగలు బిగించి మీటితే దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వినిపించింది. తెల్లారితే సర్దుకుంటాయిలే అన్నాడు అన్న. అమ్మ దానికి కుంకుమ పెట్టి మొదటిసారి లోపలికి రానిచ్చింది.

ఆదివారం పొద్దున చూస్తే పైపలక లోపలికి కుంగి నిలువునా చీలి ఉంది. అన్న కాసేపు చూసి, తీగలు వదులు చేసి, చుట్టలు చుట్టి పెట్టి, అమ్మను కాఫీ అడిగాడు. సోమవారం పొద్దున అమ్మ నాన్న టిఫిన్ క్యారియర్‌లోనే అన్నం సర్ది ఇచ్చింది. అన్న గనిలోకి దిగాడు. నేను ఇల్లు ఊడ్చాను.

పెళ్ళయి ముళబాగిలు వచ్చాక, ఫిడేళ్ళు బాగుచేసే ముసలాయన ఒకరు కనిపిస్తే, ఎవరి సంగతో అన్నట్టు ఇదంతా చెప్పాను. ఆయన తల కొట్టుకున్నాడు.

“ఆ పుల్లే కదమ్మా లోపల పైపలకను మోసేది! తీగల బిగువుకే అది నిలబడుండాది. నాలుగూ ఒక్కసారే విప్పితే పడక ఏం చేస్తాది? అది లేకుండా ఉక్కు తీగలు బిగిస్తే పలక ఆగుతాదా? ఒకటి విప్పి ఒకటి కట్టల్ల.”

చిన్నదానా, మీరూ అలాగే ఒకటి కట్టాకే ఇంకొకటి విప్పండి. ముసలాయన ఆ మాట చెప్పిన రోజు నేను ఇంటికొచ్చి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు.

అన్న గనులు మూసేదాకా అక్కడే పనిచేసి, తర్వాత మా ముళబాగిలుకే వచ్చి ఉన్నాడు. నాన్న దగ్గే అన్నకూ వచ్చింది. ఎవరైనా బేస్ సంగతి ఎత్తితే, “దొరల సామానప్పా, దొరలతోనే పాయ” అని నవ్వేవాడు, పక్కన కూర్చుని నేనూ తల ఊపేదాన్ని. కిందటేడు అన్న పోయాడు.

ఇప్పుడు సైరను లేదు, క్లబ్బులో పాటా లేదు. మీకు ఏ చిన్న అనుమానం వచ్చినా ఫోన్లోనే పదిమంది జవాబు చెబుతారు. ఆ రోజుల్లో మాకు అడగడానికి ఎవరూ లేకపోయారని చాలాకాలం అనుకున్నాను. ఆ పుల్ల సంగతి చెప్పడానికి మాత్రం అన్న చివరిదాకా పక్క వీధిలోనే ఉన్నాడు.